మబ్బు రోజు మేత, పేరు లేని ప్రశ్న

2008 వానాకాలంలో నన్ను ఆకివీడు బ్రాంచికి సీనియర్ ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. మాది చేపల మేత అమ్మే కంపెనీ. చెరువులు చూడ్డం నాకు కొత్త కాదు. కొత్తదల్లా రైతుల కోసం కంపెనీ ఇంటర్నెట్లో పెట్టిన చర్చావేదిక. దానికి నన్ను మోడరేటరు చేశారు. అంటే, వచ్చిన ప్రతి రాతా ముందు చదివి, నలుగురూ చూడొచ్చో లేదో తేల్చే పని. నేను పెళ్ళయ్యాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఒక్క ముక్క కూడా వదలనని మేనేజరు నమ్మకం. కంప్యూటరమ్మాయి పొద్దున్నే అన్నీ ప్రింటు తీసి ఇచ్చేది. నేను టిక్కు పెట్టినవే తెర మీదికి వెళ్ళేవి.

కొత్తగా చేరినవాళ్ళు ముందు పేరు, ఊరు, ఎవరి తాలూకో చెప్పాలని రూలు. మన వైపు అదే మర్యాద. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణయినా "మీదేవూరండీ" అనకుండా ఉండలేం.

ఒకరోజు పేరు లేని ప్రశ్న వచ్చింది. "చెరువు కాపలా ఉంటానండి. మబ్బు పట్టినా మా ఓనరుగారు మేత తగ్గించొద్దంటున్నారు. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?" మబ్బు రోజుల్లో నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళి, ఉన్న కాస్తా లాగేస్తుంది. ఆగే వ్యవహారం కాదు. రూలు పక్కనపెట్టి టిక్కు పెట్టాను.

జవాబులకన్నా ముందు చీవాట్లొచ్చాయి. "ముసుగేసుకుని అడుగుతారేంటండీ?" అని ఒకరు. ఏలూరులో ఉండే ఒక పెద్ద రైతు మాత్రం విషయం రాశారు. "మేత సగం చేసి, ఇంజను పెట్టి నీళ్ళు తిప్పండి. మీ ఓనరెవరో గానీ, చేపలు మానేసి కొబ్బరిచెట్లు పెంచుకోమనండి. ఇంతకీ మీరెవరండీ?" ఆయన రూలుకి ముందే చేరారు. 'కొల్లేరు మిత్రుడు' అనే పేరుతోనే రాసేవారు. అసలు పేరు ఆఫీసు రికార్డులో ఉంది కాబట్టి నాకు తెలుసు.

పెద్దాయన అడిగారు కదా అని, ఆ కాపలా మనిషి మర్నాడు నెట్ సెంటరు నుంచి పూర్తి పరిచయం పంపాడు. పేరు దావీదు. కలిదిండి దగ్గర చెరువు. గట్టు మీద ఓనరు వేయించిన ఇంట్లోనే భార్యాబిడ్డలతో కాపురం. ఫోను నంబరు, ఓనరు పేరుతో సహా రాశాడు. ఆ ఓనరు మన కొల్లేరు మిత్రుడే.

రెండోసారి చదివాను. ఇది తెర మీదికెళితే దావీదు పని పోతుంది, పనితోపాటు ఇల్లూ పోతుంది. టిక్కు పెట్టకుండా దావీదుకి ఫోన్ చేశాను.

"నీ పరిచయం ఆపేశానయ్యా. నీకు జవాబు రాసిందెవరో తెలుసా?"

"తెలీదండి."

చెప్పాను. "కొబ్బరిచెట్లన్నది ఆయనేనాండీ?" అన్నాడు దావీదు. నాకు నవ్వాగలేదు.

తర్వాత ఓనరుగారే ఆఫీసుకి ఫోన్ చేశారు. "అంత ఓపిగ్గా రాశాను, పేరు చెప్పడేంటండీ? మీ దగ్గరుందిగా?"

"ఉందండి. చెప్పను."

"నాక్కూడానా?"

"మీ పేరు కూడా ఎవరికీ చెప్పట్లేదు కదండీ."

పెట్టేశారు. మేనేజరుకి ఫిర్యాదు వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఆ వారంలోనే దావీదు ఫోన్ చేశాడు. "మబ్బేస్తే నువ్వే చూసుకుని మేత తగ్గించుకో అన్నారండి. ఇంజనుకి డీజిలు కూడా పంపారు." అప్పుడు నాకు ఊపిరాడింది. ఆ ప్రశ్న దావీదుదేనని ఆయన పోల్చుకుని ఊరుకున్నారో, తన సలహా తనకే నచ్చిందో, నేను అడగలేదు.

తర్వాత రూలు మార్పించాను. పేరూ ఊరూ ఆఫీసుకి చెబితే చాలు, పదిమందిలో చెప్పడం వాళ్ళిష్టం. బస్సులో అడిగిన మాట బస్సులోనే పోతుంది. తెర మీద "మీరెవరండీ" అని అడిగితే జవాబు ఎవరెవరు చదువుతారో చెప్పలేం. అడిగేవాడు మంచివాడే కావచ్చు. జవాబు చెప్పినవాడి కూడు పోకుండా చూడ్డం మోడరేటరు పని.