పెద్దక్క చెప్పిన నిజం

పెద్దక్క పోయిందని ఆవిడ తమ్ముడు పోయిన వారం ఫోను చేసి చెప్పాడు. పాలకొల్లులో ఇంట్లోనే, పొద్దున్నే టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గర కూలిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. మెదడులో నరం చిట్లిందన్నారట. "మీకు ముందే చెప్పాల్సిందండి, ఆ కంగారులో మీ నంబరు దొరకలేదు" అన్నాడు పాపం. అప్పటికే సమాధి చేసేశారు. నేను వైజాగులో డ్యూటీలో ఉన్నాను. ఫోను పెట్టేసి, ఎదురుగా చెయ్యి చాపుకుని కూర్చున్న రోగి దగ్గరికి వెళ్ళాను కానీ, నరం కోసం వేలితో తడుముతూ ఆగిపోయాను. అలా తడమడం నేర్పింది ఆవిడే.

పెద్దక్కకీ నాకూ చుట్టరికం లేదు. బహ్రెయిన్‌లో ఒక ఆసుపత్రిలో, క్యాన్సరు రోగులకు పగలంతా మందు ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపించే వార్డులో ఆవిడ నాకు సీనియరు నర్సు. రెండువేల నాలుగైదు ప్రాంతం అది. మిగతా నర్సులు మలయాళీలు, ఫిలిప్పీన్ వాళ్ళు. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. చేరిన రోజున "పెద్దక్కా అని పిలువు, మేడమ్ అంటే ఎవర్నో పిలుస్తున్నావనుకుంటా" అంది.

ఆవిడ అరబ్బీ భలేగా ఉండేది. గోదావరి యాస ఎక్కడికీ పోలేదు. సూది గుచ్చేముందు ముసలమ్మలకు ధైర్యం చెబుతూ "శ్వయ్య శ్వయ్య అండీ" అనేది. మెల్లగా, మెల్లగా అని. ఆ 'అండీ' ఏమిటో తెలియకపోయినా వాళ్ళకు నచ్చింది. కొన్నాళ్ళకు వాళ్ళూ ఆవిడకి "షుక్రన్ అండీ" అని థాంక్స్ చెప్పేవారు.

మేం ఇచ్చే మందుల్లో ఒకటి దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. దాన్ని సీసాలో కలిపి స్టాండుకి తగిలించి వదిలేసేవాళ్ళం కాదు. రోగి పక్కన కూర్చుని, సిరంజితో చేత్తో మెల్లమెల్లగా నరంలోకి పంపాలి. చుక్క బయటికి కారినా కండ కాలిపోతుంది. "కళ్ళు చేతి మీద పెట్టు, చెవులు మనిషి మీద పెట్టు" అనేది పెద్దక్క. ఆ కాసేపట్లో రోగులు ఇంకెక్కడా చెప్పని మాటలు చెబుతారు. నూకరత్నం అడిగింది కూడా అప్పుడే.

నూకరత్నానిది తుని దగ్గర పల్లె. కర్జకాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంటా, పిల్లల పనీ చేసేది. ఇంటావిడని గల్ఫ్‌లో పనివాళ్ళందరూ పిలిచినట్టే 'మామా' అనేది. ఆ మామా మంచి మనిషి. ప్రతిసారీ తనే కారులో తెచ్చేది, పళ్ళరసం తాగించేది, నల్ల అబాయా కొంగుతో నూకరత్నం మొహం తుడిచేది. కానీ రొమ్ములో మొదలైన జబ్బు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకిపోయింది. ఆ సంగతి మామాకి తెలుసు, ఊళ్ళో ఉన్న మొగుడికి తెలుసు, మాకు తెలుసు. తెలియనిది నూకరత్నానికే. "తెలిస్తే దాని గుండాగిపోద్దండి, చెప్పకండి" అని మొగుడు ఫోనులో బతిమాలాడు. మామా కూడా అదే మాట. డాక్టరుగారు సరేనన్నారు. రక్తం తక్కువైంది, బలానికి మందు ఎక్కిస్తున్నాం అని ఆమెకి చెప్పారు.

రెండోసారి మందుకి వచ్చేటప్పటికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. పెద్దక్క ఎర్రమందు ఎక్కిస్తోంది. నేను పక్క మంచం దగ్గర ఉన్నాను.

"సిస్టరమ్మగారూ, ఒకటడుగుతానండి."

"అడుగమ్మా."

"మా ఊళ్ళో రక్తం తక్కువైనోళ్ళు శానామంది ఉన్నారండి. ఒక్కరికీ గుండు అవలేదండి."

పెద్దక్క ఆ చేతి మీంచి చూపు తిప్పలేదు. "మంటగా ఉందా?" అని మాత్రం అడిగింది.

"లేదండి. ఇక్కడున్నోళ్ళందరికీ జుట్టు లేదు. నాదీ అదే రోగమాండీ? ఎవుర్నడిగినా నవ్వేసి ఎల్లిపోతన్నారు. మీరు మా ఊరి మనిషిలా మాటాడతారు. మీరన్నా చెప్పండి."

"ఈ మాట చెప్పాల్సింది డాక్టరుగారమ్మా. నేను ఆయన్ని తీసుకొస్తాను" అంది పెద్దక్క.

మందు అయ్యాక చేతులు కడుక్కుంటూ నాతో అంది: "తెలీదని చెప్పొచ్చే అమ్మాయ్. ఏమీ లేదని మాత్రం చెప్పకూడదు."

"మనకెందుకక్కా? వాళ్ళాయనే వద్దన్నాడుగా" అన్నాను.

"ఆ ఒళ్ళు వాళ్ళాయనది కాదుగా."

డాక్టరుగారితో నిజం చెప్పిస్తానంటోందని వినగానే హెడ్ నర్సు మండిపడింది. ఇంటివాళ్ళు ఫిర్యాదు చేస్తే నీ ఉద్యోగం పోతుందంది. ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. పెద్దక్క తమ్ముడి చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. అయినా తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళింది. "ఆమె నన్ను అడుగుతోంది. నేను అబద్ధం చెప్పలేను. మీరు చెప్పండి, నేను తెలుగు చేస్తాను" అంది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, మామాని పిలిపించి మాట్లాడి, చివరికి ఒప్పుకున్నారు. మామా మాత్రం ఒప్పుకోలేదు, ఏడుస్తూనే ఉంది.

మంచం చుట్టూ తెర లాగారు. డాక్టరుగారు ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెబుతుంటే పెద్దక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని తెలుగులో చెప్పింది. ఆయన మాటని నునుపు చెయ్యలేదు, బరువూ పెంచలేదు.

"ఇది క్యాన్సరమ్మా. రొమ్ములోంచి ఊపిరితిత్తుల దాకా పాకింది. ఈ మందుతో కొంత అణుగుద్ది. పూర్తిగా పోద్దని డాక్టరుగారు చెప్పట్లేదు."

తెర లోపలే నిలబడి నేను నూకరత్నం మొహం చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మా పాప పెద్దమనిషైందండి. పోనులో యిన్నానంతే, కళ్ళతో సూళ్ళేదు" అంది. ఆపైన, "నన్ను పంపించెయ్యమని మామాకి సెప్పండి" అంది.

పెద్దక్క ఆ మాటని మామాకి అరబ్బీలో చెప్పింది. 'అండీ' లేకుండా ఆవిడ అరబ్బీ మాట్లాడటం నేను విన్నది అప్పుడే. మామా ఆవిడ వైపు వేలు చూపించి, "దాని మనసుని ఖలాస్ చేసేశావు! ఇక్కడుంటే నేను చూసుకునేదాన్ని. అక్కడ ఎవరు చూస్తారు?" అని అరిచింది. పెద్దక్క తలొంచుకుని నిలబడింది. మామా అన్నదాంట్లోనూ నిజం ఉంది మరి.

కాకినాడ ఆసుపత్రిలో మందు కొనసాగించేటట్టు డాక్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. నూకరత్నాన్ని మామాయే విమానం ఎక్కించింది. సాగనంపడానికి పెద్దక్క వెళ్ళలేదు. మామా రానివ్వదేమో అంది.

ఫిర్యాదు రాలేదు. ఫోను వచ్చింది. కొన్ని నెలల తరవాత, వార్డు నంబరుకి, నూకరత్నం మొగుడి దగ్గర్నుంచి. నేనే ఎత్తి పెద్దక్కకి ఇచ్చాను. అతని గొంతు పక్కనున్న నాకూ వినబడుతోంది. ఇంటికొచ్చాక ఆసుపత్రికి ఒక్కసారే వెళ్ళిందట. ఎలాగూ పోయేదానికి మళ్ళీ ఆ సూదులెందుకని మొండికేసిందట. ఎదిగిన పిల్లనైనా వదలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదట. వానలు పడేలోపే పోయిందట. "రక్తం తక్కువనుకునుంటే మందు పెట్టించుకునేదండి. ఇంకొన్నాళ్ళు బతికేది. మీరే సంపేశారు" అన్నాడు.

పెద్దక్క ఫోను పెట్టలేదు. "చెప్పండి బాబూ, వింటున్నాను" అంటూ అతను ఏడ్చి ఏడ్చి తనే పెట్టేసేదాకా ఉంది. తరవాత చేతులు కడుక్కుని, మామీర్ నుంచి వచ్చిన ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి మందు ఎక్కించడానికి వెళ్ళింది. డ్యూటీ దిగి మా ఇద్దరి గదికి వెళ్ళాక బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చుని, "నేను తొందరపడ్డానంటావా?" అని అడిగింది.

నిజం తెలియబట్టే నూకరత్నం తన కూతుర్ని ఒళ్ళో పెట్టుకోగలిగింది. నిజం తెలియబట్టే మందు మానేసింది. ఈ రెండింట్లో ఏది పెద్దదో ఇన్నేళ్ళ తరవాత కూడా నేను తూచలేను. పెద్దక్క కూడా తూచలేకపోయింది. అప్పట్నుంచి కొత్తగా ఎవరొచ్చినా, సూది చేతిలోకి తీసుకోకముందే పక్కన కూర్చుని, "మీ జబ్బు సంగతి మీకెంతవరకు చెప్పమంటారు?" అని అడిగేది. కొందరు అంతా చెప్పమనేవారు. కొందరు కొడుకుకి చెప్పమనేవారు. ఏ జవాబైనా ఆవిడ తలూపేది. ఈరోజుకీ నేను నా రోగుల్ని అదే మాట అడుగుతున్నాను. ఆవిడ నాకు ఇచ్చిపోయిన వాటిలో అన్నిటికంటే బరువైనది అదే.

నూకరత్నం మొగుడి ఫోను వచ్చిన వారం, చర్చిలో శుక్రవారం ప్రార్థన అయ్యాక, "సముద్రం చూద్దాం రావే" అని నన్ను అమ్వాజ్ వైపు తీసుకెళ్ళింది. అప్పటికింకా అక్కడ ఇసుక పోసి దీవులు కడుతున్నారు. సగం లేచిన అపార్టుమెంట్లు, క్రేన్లు. సెలవు కాబట్టి మనుషులెవరూ లేరు. పెద్దక్క చెప్పులు విప్పి నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగింది. మన తీరంలా అలలు ఉండవు అక్కడ. లోతూ ఉండదు. నడుస్తూ నడుస్తూ చాలా దూరం పోయింది. "పెద్దక్కా, చాలు, వచ్చెయ్!" అని గట్టిగా పిలిచాను. వినబడిందో లేదో, వెనక్కి తిరగలేదు. ఎండ వాలుతున్న నీళ్ళ మీద ఆవిడ చిన్న చుక్కలా అయిపోయింది. అంత దూరం వెళ్ళినా నీళ్ళు ఆవిడ మోకాళ్ళు దాటలేదు. ఇంకా నడుస్తూనే ఉంది.