అనూరాధ కార్తెలో దిగిన బాతులు

మోత్కూర్ పోయే బస్సులోంచి చూస్తే మా చెరువు కనబడదు, అడ్డంగా కట్ట ఉంటుంది. చెరువు పై అంచును ఆనుకొని మాకు రెండెకరాల పది గుంటల ఎర్ర చెల్క నేల ఉంది. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక ఊరూరా చెరువుల పూడిక తీశారు. మా చెరువు వంతు వచ్చిన ఎండాకాలం ఆ చెల్కలోకి ముప్పై ఆరు ట్రాక్టర్ల నల్లమట్టి తోలించుకున్నాను. దూరం తగ్గుతుందని మా చేను పక్క అంచునే తవ్వమన్నాను.

ఆ అంచున నీళ్లు మోకాలి లోతు దాటవు. చలి మొదలవగానే బాతులు వచ్చి నిలిచేది అక్కడే. ఇవి ఇళ్లలో పెంచే బాతులు కావు. ఉత్తరాన మంచుకొండల ఆవలి నుంచి వస్తాయంటారు. ఒళ్లు బూడిదరంగు, తల తెలుపు, తల వెనక రెండు నల్లగీతలు.

తవ్వకం మొదలైన రోజు, చెరువు తూములు తెరిచి మూసే నీరటి నా దగ్గరికి వచ్చాడు. నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు.

"అక్కా, గా అంచు జర ఉండనియ్యి. బాతులు నిలిచే జాగా అది."

"బాతులేమన్న శిస్తు కడ్తున్నయా తమ్మీ?" అన్నాను.

ట్రాక్టర్ల వాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. ముప్పై ఆరో ట్రాక్టర్ పోయేసరికి ఆ అంచు నిలువు లోతు గొయ్యి అయింది.

వానలకు చెరువు నిండింది, చెల్కలో కంది ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది. ఆ కందిని చూసినప్పుడల్లా నీరటి మాట గుర్తొచ్చేది. ఈసారి బాతులు రాకపోతే? అందుకే అవి వచ్చిన రోజును పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. మా నాయిన పంచాంగం చూసి వాడంతటికీ మంచిరోజులు చెప్పేవాడు. మా ఇంట్లో పుట్టుకలూ తద్దినాలూ తిథి లెక్కనే సాగేవి. నేనూ అట్లాగే రాశాను: కార్తీక పున్నమికి పది రోజుల ముందు వచ్చినవి. నిలిచింది ఆవలి ఒడ్డున, తుమ్మచెట్ల దగ్గర. నలభై ఒకటి.

ఒడ్డు మారితే మారింది, వచ్చాయి కదా అనుకున్నాను. రెండో ఏడు పున్నమి దాటిన మర్నాడు వచ్చాయి. ముప్పై నాలుగు.

మూడో ఏడు పున్నమి వచ్చింది, పోయింది. అయిదు రోజులయింది. రోజూ పొద్దున్నే కట్ట మీదికి పోయి చూశాను. నీళ్లలో మునిగి తేలే బుడబుంగ పిట్టలు తప్ప ఏమీ లేవు. ఇంటికి వచ్చి పుస్తకం తీసి లెక్క వేశాను. మొదటి ఏటికీ రెండో ఏటికీ తేడా పదకొండు రోజులు. ఇప్పుడు ఇంకా ఆలస్యం. సంఖ్య కూడా ఏడు తగ్గింది. ఏటేటా జరిగి జరిగి ఒక ఏడు అసలే రావు. నా చేనుకు కండ పట్టించుకోవడానికి వాటి జాగా తవ్వించాను.

మర్నాడు పొద్దున కట్ట మీద నీరటి ఎదురుపడ్డాడు.

"ఏమక్కా, రోజూ చెరువుకు పహరా కాస్తున్నవ్?"

"బాతులు రాలె తమ్మీ. పున్నమి పోయి ఆరు రోజులాయె. ఏటేటా ఎనకకు పోతున్నయి. నేనే ఎల్లగొట్టిన వాటిని."

అతను తువ్వాల దులిపి తూము గట్టు మీద కూర్చున్నాడు.

"గది సరే గని, మీ వాకిట్లకు తోకూపే పిట్ట వచ్చిందా?"

ఏటా చలికి ముందే మా వాకిట్లోకి దిగే జిట్టంగి గురించి అడుగుతున్నాడు. నేను చూరుకు కట్టే సజ్జకంకుల మీద పిచ్చుకలు వాలితే, ఇది కింద పురుగులు ఏరుకుంటూ తోక ఆడిస్తుంటుంది.

"వచ్చి ఇరవై రోజులాయె. స్వాతి కార్తెల వస్తది, ఏటా గప్పుడే."

"ఆఁ. జిట్టంగికేమో కార్తె, బాతులకేమో పున్నమా? పంచాంగం నువ్వే సదివి ఇనిపించినవా ఏంది వాటికి?"

నేనూ పోయి గట్టు మీద అతని పక్కన కూర్చున్నాను.

"పోయినేడు కాదు, అటు ముందటేడు అధికమాసం రాలేదా? పండుగలన్నీ నెల ఎనకకు పోలేదా? పున్నమి చంద్రుని లెక్క, కార్తె సూర్యుని లెక్క. పున్నమి జరుగుతది అక్కా, చలి జరుగదు. ఇంకా విశాఖ కార్తెనే నడుస్తాంది. అనూరాధ పడనీ."

యాభై ఏళ్లుగా మృగశిర చూసి విత్తనం వేస్తున్నదాన్ని. మబ్బుకూ మట్టికీ తిథి పనికిరాదని తెలిసినదాన్ని. రెక్కలున్నవి కదా, వాటికి మట్టి లెక్క ఎందుకని తద్దినాల లెక్కలో రాశాను. ఇంటికి పోయి పాత క్యాలెండర్లు తీసి చూశాను. మొదటి ఏడు అవి దిగింది అనూరాధ కార్తె పడిన రోజున. రెండో ఏడూ ఆ రోజే. పదకొండు రోజుల తేడా పున్నమిది, వాటిది కాదు.

ఆ ఏడు అనూరాధ పడిన రెండో రోజు పొద్దున అరుపు వినబడింది. పుస్తకం పట్టుకొని కట్టెక్కాను. ఆవలి ఒడ్డున తుమ్మల కింద తెల్లటి తలలు. మూడుసార్లు లెక్కపెట్టాను: ముప్పై ఏడు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. నీరటి దూరం నుంచి కేక వేశాడు.

"శిస్తు కట్టనీకి వచ్చినయక్కా!"

రోజుల లెక్కలో నా తప్పు దిద్దుకున్నాను. జాగా లెక్క మాత్రం అట్లాగే ఉంది. మా అంచున ఒక్కటీ నిలవలేదు. అదీ రాసుకున్నాను. రెండేళ్ల కింద మళ్లీ మట్టి తీస్తామని ఊళ్లో మాట వచ్చినప్పుడు, ఈసారి నేనే పంచాయతీకి పోయాను. తుమ్మల పక్క ముట్టవద్దన్నాను. "అక్కడిదాకా తవ్వనీకి ఎవలు పోతరు అవ్వా, దూరం" అన్నారు. దూరమన్న మాటను నమ్మి ఊరుకోక, నీరటీ నేనూ కలిసి ఆ ఒడ్డు పొడవునా పద్దెనిమిది రాళ్లకు సున్నం కొట్టి పాతించాము. వాటిని ఎవరూ దాటలేదు.

వానలకు కొట్టుకొచ్చిన మట్టితో మా వైపు గొయ్యి మెల్లగా పూడుతోంది. పోయిన చలికాలం కట్టెతో కొలిస్తే ఒక మూల మోకాలి లోతే ఉంది. అనూరాధలో నలభై మూడు బాతులు దిగాయి. ముప్పై ఎనిమిది తుమ్మల కింద. ఐదు మా వైపు.