వాన రాదని నమ్మిన మిరపకాయలు

తత్వశాస్త్రాన్ని నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో మోసుకొచ్చిన మొదటి మనిషిని నేనే. దాన్ని దించీ దించగానే మా కొంప ఎలా మునిగిందో చెబుతాను, వినండి.

తొంభైల నాటి మాట. నందిగామలో ఒక కాలేజీలో ఎవరో పెద్దాయన ఉపన్యాసమిస్తుంటే, లేచి నిలబడి గంటసేపు వాదించి, ఆయన చేత మంచినీళ్ళు తాగించాను. సరే, అంత లేదు లెండి. కోర్టు పని మీద వెళ్ళాను, బస్సు తప్పింది, ఫ్యాను కింద కూర్చుందామని ఆ హాల్లో దూరాను. నేను వేసిన ప్రశ్న ఒక్కటే: "ఈ కుర్చీలో ఎవరన్నా ఉన్నారాండీ?"

అయినా రెండు ముక్కలు చెవిన పడ్డాయి. ఒక మాటకు అర్థం తేలాలంటే, అది నిజమైతే ఆచరణలో ఏం మారుతుందో చూడాలట. నమ్మకమంటే నోటితో అనేది కాదట, దాన్ని బట్టి మనం ఏ పనికి సిద్ధపడతామో అదేనట.

ఇంట్లోనే మొదలెట్టాను. మా ఆవిడ రాజ్యం "కూర బాగుందా?" అంటే, "బాగుండటమంటే ఆచరణలో ఏమిటి?" అన్నాను. ఆచరణలో ఆ పూట మారు కూర పడలేదు.

అసలు కథ చిల్లకల్లు దగ్గర కల్లంలో. నా మిరపకాయలూ, మా బావమరిది వెంకటేశ్వర్లు మిరపకాయలూ పక్కపక్కనే ఎండుతున్నాయి. ఏడాది పంటంతా అక్కడే ఉంది. అది అమ్మి రాజ్యానికి బంగారు గాజులు చేయిస్తానని చుట్టాలందరి ముందూ మాటిచ్చి ఉన్నాను. సాయంత్రం నేను వెళ్ళేసరికి వాడు కాయలు పోగు చేసి టార్పాలిన్ పట్ట కప్పుతున్నాడు.

"ఏరా, వానొస్తుందంటావా?"

"ఎక్కడి వాన బావా! మబ్బే లేదుగా."

"రాదని నమ్ముతున్నావా?"

"ఆఁ, నమ్ముతున్నా."

"మరి పట్టెందుకురా?"

"కప్పకుండా ఇంటికెళ్తే మీ చెల్లెలు అన్నం పెట్టదు."

"అదీ! నీ ఆలోచన బురదలో గేదెలా ఉందిరా. నన్ను చూడు. రాదని నమ్మా, కాబట్టి కప్పను."

"ఇంకో పట్ట ఉంది బావా, నీ కాయల మీదా వేసేస్తా."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు!"

గోతాలు సర్దుతున్న రాజ్యం తలెత్తింది. "ఆ నమ్మకమేదో తీరిగ్గా నమ్ముకుందురుగాని, ముందు కాయలు పోగెయ్యండి."

"నీకూ సిద్ధాంతం ఎక్కలేదు," అన్నాను జాలిగా.

పొద్దు వాలిందో లేదో, హైవే మీద బ్రేకులు తెగిన లారీలా వచ్చిపడింది వాన. నా కాయలు చేపపిల్లల్లా ఈదుకుంటూ కాలవ దారి పట్టాయి. నేను మాత్రం అదరలేదు, బెదరలేదు. నిలువునా తడుస్తూ దోసిళ్ళతో ఎత్తిపోశాను. దక్కినవి మళ్ళీ ఎండబెడితే సగానికి సగం తెల్లబడి, ధర పలకని తాలుకాయలయ్యాయి. బంగారు గాజులన్న మాటకు ఆ ఏడు ఆచరణలో తేలిన అర్థం, అరడజను మట్టిగాజులు.

అందుచేత, మునేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ సిద్ధాంతాన్నీ కల్లంలో ఆరబెట్టను.

ఇంతవరకూ రాసి చదివి వినిపిస్తే, రాజ్యం వక్క నములుతూ అంది: "తడిసింది నేనూ మా తమ్ముడూ. మీరు గొడుగు కింద నిలబడి, అటు ఎత్తండి, ఇటు ఎత్తండి అన్నారు."

"ఆ గొడుగు ఎండకి తెచ్చుకున్నానే!"

"సాయంత్రం పూట ఏం ఎండండీ? వాన రాదని మీరూ నమ్మలేదు. కాయల్ని నమ్మమన్నారు, అంతే."