రాజు వేషమూ, నేను వేయించిన చీటీలూ

ఫిల్మ్‌నగర్‌లో ఆ రోజుల్లో గల్లీకొక హీరో ఉండేవాడు. మా బడికి మాత్రం ఆ హీరోని నేనేనని నా గట్టి నమ్మకం. మా నాన్న డబ్బింగ్ చెప్పేవారు (ఎక్కువగా గుంపులో అరుపులే, ఆ సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు). మా ఇంట్లో మాట్లాడేది కోస్తా తెలుగు కాబట్టి వార్షికోత్సవ నాటకంలో ఏటా రాజు వేషం నాదే. కాపలావాడి వేషం షేక్‌పేట నుంచి వచ్చే తెలంగాణ యాస పిల్లలది. సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటిదే అదీ అనుకునేవాణ్ణి.

పదో తరగతిలో ఉండగా, బడిలో ఎవరిమీదా వివక్ష ఉండకూడదని నియమాలు రాయాలనుకున్నారు. "అవేమిటో మీరే చెప్పండి" అని ప్రిన్సిపాల్ మేడమ్ మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టారు. నేను "సమానత్వమే మా ఊపిరి" లాంటి వాక్యాలు నాలుగు రాసుకెళ్లి, గొంతు సవరించుకుని మరీ చదివాను. ఎవరో ఆవులించారు. తర్వాత మేమంతా లాయరమ్మ అని పిలిచే షేక్‌పేట అమ్మాయి లేచింది. చేతిలో కాగితం కూడా లేదు.

"మేడమ్, నాటకంల రాజు మా లెక్క మాట్లాడితే ఏమైతది? గేటుకాడ నిలబడేటోడే గిట్ల మాట్లాడాల్నా?"

హాలంతా చప్పట్లు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా నాలుగు వాక్యాలకి ఆవిడ వాటిని సర్దుకోను కూడా లేదు! కడుపులో మిరపకాయ బజ్జీలు వేగాయి. ఆ చప్పట్లు నాక్కావాలి. ముందూ వెనకా చూడకుండా లేచి, "అంతేకాదు మేడమ్! ఇకమీదట వేషాలన్నీ చీటీలు తీసి ఇవ్వాలి, అదే నియమంగా రాయండి!" అనేశాను.

ఇంకా పెద్ద చప్పట్లు. గెలిచాను. (ఆ ఆనందం సరిగ్గా గురువారం దాకా ఉంది.)

గురువారం చీటీలు తీశారు. రాజు లాయరమ్మ. కాపలావాణ్ణి నేను. "నువ్వు పెట్టిన నియమమేగా నాన్నా" అన్నారు తెలుగు టీచర్, ఎంతో ముద్దుగా.

నాటకంలో నాకున్నది ఒక్కటే మాట. ఈటె నేలకి కొట్టి, "మహారాజా, తమకోసం ఎవరో వచ్చారండీ" అన్నాను.

"ఎవరొచ్చిండ్రో పేరు అడగవా? పో, అడిగి రా!" అంది రాజు. ఆ మాట మాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు. జనం పడీపడీ నవ్వారు. వెనక వరసలోంచి పదిమంది పెట్టు ఒక గొంతు, "శభాష్ రాజా!" అని అరిచింది. అది మా నాన్నది. ఏటా రాజు వేషం వేసిన నాకోసం ఆయన ఒక్కసారైనా అలా అరిచిన గుర్తులేదు.

ఇప్పుడు నేను సినిమాలకి మాటలు రాస్తుంటాను. హీరోకి తెలంగాణ మాటలు కావాలన్నప్పుడల్లా లాయరమ్మకే ఫోన్ చేస్తాను. నంబరు చూసి కూడా, "ఎవరొచ్చిండ్రు?" అంటుంది. బజ్జీలు కొంచెం వేగుతాయి. అయినా బుద్ధిగా పేరు చెబుతాను.