చిన్నత్త చెవిలో పాట

మొన్న అమలాపురం వెళ్ళినప్పుడు ఫోను ఛార్జరు పాడైందని గడియారస్తంభం దగ్గర ఒక మొబైల్ షాపులోకి వెళ్ళాను. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఒక అట్టపెట్టెడు వైర్లు బల్ల మీద గుమ్మరించి, నా ఫోనుకి సరిపోయేది వెతుకుతూ, మధ్యలో ఒక నల్ల వైరు తీసి పక్కన పడేసింది. "ఇది కాదండీ. ఈ రకం పిన్ను ఇప్పుడెవరూ వాడట్లేదండీ," అంది. నేను ఆ వైరు చేతిలోకి తీసుకుని చివర చూశాను. చిన్న గూడులాంటి ఆ పిన్ను నాకు బాగా తెలుసు. ఒక వానాకాలమంతా దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి, గట్టిగా ఊపిరి కూడా వదలకుండా మా చిన్నత్త మంచం పక్కన కూర్చున్నదాన్ని నేనే. "కావాలాండీ ఇది?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగాక గానీ నాకు వినపడలేదు.

చిన్నత్త మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. రాజోలు దగ్గర కాలవ గట్టున ఉన్న ఊళ్ళో బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆదివారాలు చర్చిలో ఆడవాళ్ళ పాటలకి ఆవిడే పెద్ద. ఇంత మాటకారి మా రెండు వైపుల చుట్టాల్లోనూ లేదు. పొయ్యి మీద చేపల పులుసు మరుగుతుంటే గోడ మీంచి పక్కింటావిడకి ఆ పులుసు ఎట్లా మరుగుతోందో చెబుతుండేది. బస్సు ఎక్కితే దిగేలోపు కండక్టరు పెళ్ళాం పుట్టింటి ఊరేదో కనుక్కునేది. మావయ్యగారు దానికి సరిగ్గా వ్యతిరేకం. పోస్టాఫీసులో జీవితమంతా పక్కవాళ్ళ ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, తనకంటూ చెప్పడానికి ఏమీ మిగుల్చుకోని మనిషి. "మీ అత్త నిద్రలో కూడా మాటాడుద్దే అమ్మాయ్, నేను ఊఁ కొడతాను," అనేవారు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం ఈడ్చినా తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది, మాట రాలేదు. మిగిలింది ఒక్కటే మాట: "అదే." దాహమేస్తే అదే, ఫాను వెయ్యమంటే అదే, నొప్పి పుడితే అదే. మావయ్యగారు మంచినీళ్ళ గ్లాసు, దుప్పటి, కళ్ళజోడు, బైబిలు, విసనకర్ర వరసగా చూపించేవారు. ఆవిడ తల అడ్డంగా ఊపీ ఊపీ, చివరికి గ్లాసు నెట్టేసి గోడవైపు తిరిగిపోయేది. ఓసారి అలా పావుగంట తిప్పలుపడ్డాక ఆవిడ అడుగుతున్నది కిటికీ రెక్క వెయ్యమని తెలిసింది. అప్పటికే జల్లు కొట్టి పరుపు తడిసిపోయింది. మావయ్యగారు ఆ తడి పరుపు ఎత్తుకుని వసారాలోకి నడుస్తూ నా వంక చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ రోజుల్లోనే పాటల డబ్బీ బయటికొచ్చింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, వెండి రంగుది. చర్చి పాటలు సాధన చేసేటప్పుడు రికార్డు చేసుకోవడానికి చాలా ఏళ్ళ కిందట చిన్నత్తే కొనుక్కుంది. దానికి స్పీకరు లేదు, చెవుల్లో వైర్లు పెట్టుకునే వినాలి. అందులో పాటలతో పాటు దగ్గులు, కోడికూతలు, ఎవరి పిల్లో ఏడవడం, అన్నీ ఉండేవి. ఊరికే పడుకునుంటే పొద్దు పోవడం లేదు కదా అని మావయ్యగారు ఓ మధ్యాహ్నం ఆవిడ చెవుల్లో అవి పెట్టి, పెరట్లో కొబ్బరికాయలు వొలుచుకోవడానికి వెళ్ళారు. కాసేపటికి ఇంట్లోంచి పాట వినపడింది. గొంతు గరగరమంటున్నా మాటలు మాత్రం మాటల్లాగే ఉన్నాయి. ఆయన నాకు ఫోన్ చేసి, హలో కూడా అనకుండా ఫోను ఆవిడ మంచం దగ్గర పెట్టారు. నేను ఉండేది రాజోల్లోనే గనక కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కాను.

మాట పోయినా పాట మిగలడం కొందరికి ఉంటుందని, పాట పట్టుకునే మాట వైపు రావచ్చని, రాకపోవచ్చని కాకినాడ డాక్టరు గారు చెప్పారు. రావచ్చు అన్న ముక్కనే మేమిద్దరం విన్నాం. అప్పణ్ణించి భోజనాలయ్యాక రోజూ నేను వెళ్ళేదాన్ని. డబ్బీలో తన గొంతే ముందు అందుకునేది, ఇక్కడ మంచం మీద చిన్నత్త తన వెనకే తను పాడేది. అన్నిటికంటే ఎక్కువగా ఒక పాట పెట్టించుకునేది. అది అచ్చు పుస్తకంలో లేదు. ఊడ్పులప్పటి పాత వరసలో ఆ ఊరి ముసలమ్మలు కట్టుకున్న పాటట, రేవు దాటించమని దేవుణ్ణి అడిగే పాట. పల్లవీ మొదటి చరణమూ మాటలతో స్పష్టంగా పాడేది. రెండో చరణం దగ్గర మాటలు జారిపోయి కూనిరాగమయ్యేది. అయినా మొహం మాత్రం వెలుగుతూనే ఉండేది.

మనిషి ఇలా ఒక యంత్రం మీద ఆధారపడ్డాక, ఆ యంత్రం అలక మొదలుపెట్టింది. మొదటిసారి ఏ మీట నొక్కినా ఉలకలేదు. పాడైందని మావయ్యగారు ఒక పూట అన్నం మానేశాక, పక్కన ఉన్న చిన్న జారుడు మీట తాళంలాంటిదని, అది పక్కకి జరిగిందని తెలిసింది. ఇంకోసారి ఎక్కడేం నొక్కామో, తెరమీద అక్షరాలన్నీ చైనా భాషలోకి మారిపోయాయి. వెనక్కి తేవడానికి కావలసిన మాట కూడా ఆ భాషలోనే ఉంది గనక మేమేమీ చెయ్యలేకపోయాం. మావయ్యగారు భూతద్దం పెట్టి చూసి ఆ అక్షరాలకి తెలుగు పేర్లు పెట్టారు. "ఇదుగో, ఈ నిచ్చెన మీద నొక్కకూడదమ్మా, చెరిపేత్తానంటాది. ఈ పెంకుటిల్లు మీద నొక్కితే పాటలు," అని నాకు నేర్పారు. బిగుసుకుపోతే వెనక ఉన్న సన్న కన్నంలో పిన్నీసు మొన దూర్చాలి. ముసురు పట్టినప్పుడు రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టాలి. శబ్దం తగ్గించి పెడితే ఛార్జింగు ఇంకాసేపు నిలుస్తుంది. ఇలాంటివన్నీ మా ఇద్దరికీ కంఠతా వచ్చేశాయి.

తర్వాత బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. వైరు పెట్టి ఉంచితేనే పాడేది. ఆ వైరు దూరే చోటు కూడా వదులైపోయి, పిన్నుని కొంచెం పైకి, కొంచెం ఎడమకి నొక్కి పట్టుకోవాల్సొచ్చింది. ఆ పని నాది. చెయ్యి కదిలితే పాట ఆగిపోయేది, పాట ఆగితే చిన్నత్త నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు ఆగిపోయేది. అందుకని నా చూపంతా నా వేళ్ళ మీదే. కరెంటు పోకూడదని మావయ్యగారి చూపంతా బల్బు మీద.

కొత్తది కొని వేలకొద్దీ పాటలు పోయించి తెచ్చాం. చిన్నత్త కాసేపు విని చెవుల్లోంచి పీకేసింది. వాటిల్లో ఆవిడ గొంతు లేదు మరి. డబ్బీలోవి ఎలాగైనా ఇంకోచోటికి ఎక్కిద్దామని అమలాపురంలో రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంప్యూటరుకి తగిలించి చూసి, విప్పి చూసి, మళ్ళీ మూసేశారు.

"లోపలంతా తుప్పండీ. కార్డేమో ఊడొచ్చేది కాదండి, బోర్డుకే అతికించేశారు. గట్టిగా కదిపితే ఉన్నది కూడా పోద్దండి."

"ఇంకేం దారి లేదాండీ?"

"ఆయ్, రెండు వైపులా పిన్నులుండే వైరు ఒకటి ఉంటాదండి. దీని చెవి కన్నంలోంచి కంప్యూటర్లోకి పాడించుకుంటే వత్తాయేమో. తెప్పించి ఫోన్ చేత్తానండి. కచ్చితంగా వత్తాయని మాత్రం అడక్కండి నన్ను."

చెవి వైరు దగ్గర నా ఫోను పెట్టి రికార్డు చెయ్యబోతే దోమ రొద తప్ప ఏమీ పడలేదు. ఇక ఆ వైరు కోసం ఎదురుచూడటమే మా పని అయింది.

వైరు రాకముందే వాయుగుండం వచ్చింది. పొద్దుటినుంచీ కరెంటు లేదు. చిన్నత్త డబ్బీ వైపు చూపించి అదే, అదే అంటోంది. కరెంటు లేదని ఎన్నిసార్లు చెప్పినా, మేం కావాలనే దాచినట్టు చూస్తోంది. మధ్యాహ్నం దాటాక బల్బు వెలిగింది. మావయ్యగారు పరుగులాంటి నడకతో వచ్చి పెంకుటిల్లు మీద నొక్కారు. నేను పిన్ను పట్టుకున్నాను. రేవు పాట మొదలైంది. చిన్నత్త పల్లవి అందుకుంది. మొదటి చరణం సగంలో ఉండగా తెర ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. నా వేళ్ళు కదల్లేదు. బల్బు కూడా వెలుగుతూనే ఉంది.

కానీ పాట ఆగలేదు. చెవుల్లో ఏమీ మోగకుండానే చిన్నత్త ఒక్కతే పాడుతోంది. మావయ్యగారు నిలబడ్డచోటే నిలబడిపోయారు. చరణం పూర్తి చేసింది, పల్లవికి తిరిగొచ్చింది, ఊపిరి తీసుకుంది, రెండో చరణం కోసం నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు తిప్పి నా వైపు చూసింది. ఒక్క మాట అందించమని ఆ చూపు. నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు.

"ఏవిటే అమ్మాయ్ తర్వాత? చెప్పవే, చెప్పు!" అన్నారు.

నాకు తెలీదు. ఆ మాటలు ఆవిడ చెవిలోనే మోగాయి, బయటికి కూనిరాగమే వచ్చింది. ఆవిడ చెవిలోది ఒక్కటి తీసి నా చెవిలో పెట్టుకుంటే రెండో రోజుకే వచ్చేసేది. పిన్ను పట్టుకోవడంలో పడి ఇద్దరికీ ఆ ఊహే తట్టలేదు. చిన్నత్త కాసేపు అలాగే నోరు తెరుచుకుని ఎదురుచూసింది. తర్వాత పెదవులు మూసి నా చేతిలోంచి వైరు మెల్లిగా తీసి పక్కన పెట్టింది. కోపగించుకున్నా బాగుండేది. "అదే" అని కూడా అనలేదు.

డబ్బీ ఇక లేవలేదు. పిన్నీసు, బియ్యం, భూతద్దం, ఏవీ పనికిరాలేదు. రిపేరు ఆయన వైరు వచ్చిందని ఫోన్ చేసి, సంగతి విని, "అయ్యో," అన్నారు. ఆవిడతో కలిసి పాడినవాళ్ళలో ఊళ్ళో ఉన్న ముగ్గురిని పిలుచుకొచ్చాను. ముగ్గురూ మంచం చుట్టూ చేరి మూడు రకాలుగా రెండో చరణం పాడారు. ఒకావిడ "ఎప్పుడూ అక్కే మొదలెట్టేదమ్మా, మేం వెనకాల అనేసేవాళ్ళం," అంది సిగ్గుపడుతూ. చిన్నత్త ఒక్కొక్కరి పాటా విని, తల అడ్డంగా ఊపి, వాళ్ళు నొచ్చుకోకుండా చేతులు నిమిరి పంపింది.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ సాయంత్రాలు మొదటి చరణం వరకు ఎవరూ అడక్కుండానే పాడుకునేది. అక్కడ ఆగేది. మావయ్యగారూ నేనూ అక్కడి వరకు నేర్చుకుని, ఆవిడతో కలిసి అపశ్రుతిలో పాడి, ఆవిడతో పాటే ఆగేవాళ్ళం. మాట తిరిగి రాలేదు. వేసంగిలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది. చర్చిలో ఆఖరి ప్రార్థనకి ఆ పాట పాడమన్నారు. సగమే పాడాం.

ఆవిడ పక్కన అన్ని మధ్యాహ్నాలు కూర్చున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, వాటిల్లో నిజంగా ఆవిడని విన్న కాలం ఆ డబ్బీ ఆగిపోయాకే మొదలైంది. అప్పటికి మిగిలింది చాలా తక్కువ.