పప్పు ఉడకని నీళ్ళు

మొన్న మనవరాలితో నూజివీడులో రంగుచేపల కొట్టుకు వెళ్ళాను. చదువు ముసలితనంలో అబ్బినదాన్ని కదా, ఏ కాగితం కనిపించినా కూడబలుక్కోకుండా ఉండలేను. ఒక గాజుతొట్టి మీద అంటించి ఉంది: "ఆఫ్రికా సరస్సు చేప. చౌడు నీళ్ళే పడతాయి. మంచినీళ్ళు పోయకండి." రెండోసారి చదివాక తొట్టిలోకి వంగి చూశాను. లోపల మచ్చల ఒళ్ళు, పొడుగు మీసాలు. నేను ఎరిగిన చేపే.

ఎనభైల్లో నేను పనిచేసిన మామిడికాయల షావుకారు గారింట్లో నీచు గుమ్మం తొక్కేది కాదు. అలాంటి ఇంటికి ఆయన మద్రాసు నుంచి ఈ జెల్లచేపను తెచ్చి, ముందుగదిలో గాజుపెట్టెలో పెట్టారు. ఆఫ్రికాలో ఏదో సరస్సుదట. పగలంతా కుండపెంకు కింద దూరి ఉండేది. బేరానికొచ్చిన చాట్రాయి రైతు చూసి, "మా చెరువులో జెల్లలకి ఈ భోగం తెలిస్తే అన్నీ మీ ఇంటికే వచ్చేస్తాయండీ" అన్నాడు. అమ్మగారు నవ్వలేదు. "అంత దూరం నుంచి వచ్చింది, దానికి మంచినీళ్ళే పొయ్యి" అన్నారు నాతో. ఇంటికొచ్చినవాళ్ళకి పెరటిబావి నీళ్ళివ్వడం ఆవిడ ఎరగరు. ఆ చౌడు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్ళ బావేమో ఊరి చివర. తోటల్లో కాయల గంపలు మోసి నడుం పోయాకే ఇంటిపనికి కుదిరాను. ఇక్కడ రోజూ చేపకని రెండు బిందెలు.

నెల తిరక్కుండా చేప మేత మానేసింది. "దానికేమన్నా అయితే ఆయన నిన్ను ఉంచరే. మళ్ళీ తోటకే. ఇంకో రెండు బిందెలు తే" అన్నారు అమ్మగారు. మర్నాడు నడుం లేవలేదు. ఎటూ చచ్చేదేగా అని పెరటిబావి నీళ్ళు తోడి పోశాను. ఆ వారమంతా అంతే. వారం తిరిగేసరికి చేప పెంకు కిందనుంచి వచ్చి మేతకి ఎగబడింది.

"చూశావా, మంచినీళ్ళ మహిమ" అన్నారు అమ్మగారు. "ఇక నాలుగు బిందెలూ మానకు."

నిజం చెప్పలేకపోయాను. అమ్మగారు బిందెలు లెక్కపెడతారని ఊరి చివరినుంచి నాలుగూ మోసుకొచ్చి మల్లెపాదులో కుమ్మరించేదాన్ని, మళ్ళీ మేత మానేస్తుందేమోనని చేపకి పెరటి నీళ్ళే పోసేదాన్ని. నోరులేనిదానికి పనికిరాని నీళ్ళు పోస్తున్నానని రోజూ లోపల గుచ్చుకునేది. చేప ఏళ్ళు బతికింది. మల్లెలూ బాగా పూశాయి.

అమ్మగారు పోయి చాలా కాలమైంది. ఆ కాగితం ఎవరికి చూపించను? నిజం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, కానీ అది నడిచొచ్చేసరికి వినాల్సినవాళ్ళు లేచి వెళ్ళిపోయి ఉంటారు.