ఎదురు బస్సుకు ఎత్తిన చెయ్యి

హడర్స్‌ఫీల్డ్ కొండ ఎక్కుతుండగా మలుపులో ఎదురు బస్సు కనిపించగానే ఎవరాల్డ్ పిన్నక్ అలవాటుగా స్టీరింగు మీంచి చెయ్యెత్తాడు. ఎదురుపడ్డ తోటి డ్రైవరుకు చెయ్యెత్తడం ఆ డిపో మర్యాద. ఆమాటకొస్తే లోకంలో పడవలవాళ్లకూ, ఒంటెలవాళ్లకూ ఉన్నదే. కానీ జమైకా నుంచి వచ్చిన ఈ పొడుగాటి నల్లమనిషికి తిరిగి చెయ్యెత్తినవాళ్లు లేరు. అందరూ ఇంగ్లీషు తెల్లవాళ్లే అయిన ఆ డిపోలో, రోనీ హెబ్డన్ ఆశపడ్డ కొండ రూటు ఇతనికి దక్కినప్పటినుంచీ మరీను. అయినా రోజూ చేతికి ఉతికిన తెల్ల తొడుగు వేసుకుని చెయ్యెత్తేవాడు, అవతలి బస్సు దాటిపోయేదాకా దించేవాడు కాడు. ఆవేళ ఎదురొచ్చింది రోనీయే. నవ్వుతూ చెయ్యెత్తాడు! ఎవరాల్డ్ గుండె గంతేసింది. కొండ కొసదాకా ఈల వేస్తూనే నడిపాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో అతను టీ కప్పుతో నిలబడగానే రోనీ బల్ల దగ్గర్నుంచి కేకేశాడు. "ఏం పిన్నక్, పళ్లన్నీ బయటపెట్టావే! నీకనుకున్నావేంటి? నీ వెనక బస్సులో మన ఫ్రాంక్ వస్తున్నాడోయ్!"

బల్లంతా గొల్లున నవ్వింది.

"నాకేననుకున్నాను రోనీ," అన్నాడు ఎవరాల్డ్. "కొండ కొసదాకా ఎంత బాగుందో చెప్పలేను."

"అయితే రేపట్నుంచి మానేస్తావా?" అన్నాడు ఫ్రాంక్.

"ఎలా మానేది? దారిలో గాడిద ఎదురైనా పలకరించకపోతే మా అమ్మ చెంప పగలగొట్టేది."

"నిన్నేరోయ్ రోనీ, గాడిదంటున్నాడు!" అని ఎవరో అంటించారు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో ఎవరైనా కాస్త జరిగి చోటిస్తారేమోనని ఎవరాల్డ్ కప్పు పట్టుకుని చూశాడు. ఎవరూ జరగలేదు. టీ సగంలోనే దించి, టోపీ సర్దుకుని, ఎవరితోనూ వస్తానని చెప్పకుండానే తన బస్సు వైపు నడిచాడు.